ఇంటి బ్రాడ్‌బాండు: వేగ మెచ్చట తగ్గుచున్నది?

కంచరపాలెమునుండి ఒక శ్రోత కొన్ని నెలల క్రిందట మాకొక ఉత్తరము వ్రాసినారు. ఆయన ఓడరేవులో చిరకాలము పనిచేసి విరమించిన పెద్దమనిషి. ఉత్తరములోని ఫిర్యాదు ఇది: అమెరికాలోనున్న వారి అబ్బాయి మా కార్యక్రమమును సెల్‌ఫోనులో ఒక్క మాటయు పోకుండ వినుచున్నాడు. ఊరిలోనే యున్న తండ్రిగారు అదే కార్యక్రమమును ఇంటర్నెట్టులో పెట్టినచో నిమిషమున కొకసారి తెగిపోవుచున్నది. మొదట 40 మెగాబిట్ల పథకము తీసికొన్నారు, తరువాత 100, ఇప్పుడు 200. బిల్లు పెరిగినదే గాని మాట నిలువలేదు.

"నా కార్యక్రమము తెగిన నేమి, రేడియో యున్నది కదా, వినగలను" అని ఆయనయే వ్రాసినారు. "మా కోడలి సంగతియే మాకు బెంగగా నున్నది. ఆమె ఇంటినుండి ఉద్యోగము చేయుచున్నది. మీటింగు నడుమ మాట ఆగిపోవుచున్నదని పై అధికారి రెండుమార్లు హెచ్చరించినాడట. మూడవమారు ఏమనునో!"

ఈ ఉత్తరమునకు ఒక వాక్యములో జవాబు చెప్పుట సాధ్యము కాదు. ఇట్టి ఉత్తరములు మాకు మరికొన్ని వచ్చినవి గనుక, విషయమును మొదటినుండి వివరించెదము.

రేడియోకును బ్రాడ్‌బాండుకును మూలములోనే ఒక భేదము గలదు. మేము ఒకసారి ప్రసారము చేసిన ధ్వనిని పదిమంది విన్నను, లక్షమంది విన్నను మాకు భారము ఒక్కటియే. పొరుగువారు రేడియో పెట్టినంతమాత్రమున మీ రేడియోలో పాట సన్నగిల్లదు. బ్రాడ్‌బాండు అట్లు కాదు. ఒక యింట సినిమా, ఒక యింట పిల్లవాని పాఠము, ఒక యింట కోడలి మీటింగు. ఎవరిది వారికి విడిగా మోసికొని పోవలెను. మోయవలసిన దారి మాత్రము చాలవరకు ఉమ్మడిది. కావున దీనిని ప్రసారముతో గాక మన ఓడరేవుతో పోల్చుకొనుట మేలు. 1933 అక్టోబరు 7న తెరచిన లోపలి రేవు కొండచాటున నెమ్మదిగా నుండు చోటు. అయినను ముఖద్వారపు కాలువ యిరుకగుటచే మిక్కిలి పెద్ద ఓడలకు అందు ప్రవేశము లేకపోయెను. 1976లో వెలుపలి రేవు ఏర్పడిన తరువాతనే భారీ ఖనిజపు ఓడలు విశాఖకు రాగలిగినవి. లోపల ఎన్ని క్రేనులున్నను ఓడ యొక్క పరిమాణమును నిర్ణయించునది కాలువయే. బ్రాడ్‌బాండు వేగము సరిగా నిట్టిదే. దారి పొడవున అన్నింటికంటె ఇరుకైన చోటు ఏదో, మన వేగము అదియే. బిల్లుమీద అచ్చువేసిన అంకె ఆ దారిలో ఒక్క భాగమునకు మాత్రమే చెందినది.

ఆ అంకెను గురించియే ఒక మాట. అందు చెప్పునది మెగాబిట్లు. కంప్యూటరులో ఫైళ్ల పరిమాణము చూపునది మెగాబైట్లు. ఎనిమిది బిట్లు కలిసి ఒక బైటు. కనుక 100 మెగాబిట్ల పథకములో సెకనుకు వచ్చునది 12.5 మెగాబైట్లే, వెయ్యి మెగాబైట్ల సినిమా దిగుటకు ఎంత లేదన్నను 80 సెకనులు పట్టును. "నూరు అని చెప్పి పండ్రెండు ఇచ్చుచున్నారు" అని కొందరు కంపెనీవారితో తగవు పడుచుందురు. ఈ ఒక్క విషయములో కంపెనీవారిది తప్పు కాదు.

ఎంత వేగమున్న బ్రాడ్‌బాండు అనవలెను? ఈ లెక్క కాలముతో పాటు మారినది. 2004లో కేంద్రప్రభుత్వపు విధానము ప్రకారము సెకనుకు 256 కిలోబిట్లున్న చాలును. 2023లో దానిని 2 మెగాబిట్లకు పెంచినారు. 2005లో బి.ఎస్.ఎన్.ఎల్. వారు డేటావన్ అను పేర ఈ సౌకర్యమును ప్రవేశపెట్టిననాడు అది టెలిఫోను రాగితీగ మీదనే వచ్చెడిది. రాగితీగలో దూరము పెరిగిన కొలది సంకేతము క్షీణించును. ఎక్స్‌ఛేంజి ప్రక్కనున్న యింటికి వచ్చిన వేగము నాలుగైదు కిలోమీటర్ల అవతలి యింటికి రాదు. దానికి తోడు మన ఊరి ఉప్పుగాలి రాగి అతుకులను చిలుము పట్టించును. వాన కురిసిన దినమున ఫోనులో బరబర ధ్వని, ఇంటర్నెట్టు మాయము: ఈ అనుభవము లేని పాత విశాఖవాసి యుండడు.

ఇప్పుడు చాల యిండ్లకు వచ్చుచున్నది ఫైబరు, అనగా వెంట్రుకవంటి గాజుతీగ. అందు ప్రయాణము చేయునది వెలుగు. గాజునకు చిలుము లేదు. ఊరిలోపలి దూరములు దానికి లెక్కలోనివి కావు. కాని దాని కష్టములు దానికి గలవు. వెలుగు నడుచు గర్భభాగము వెడల్పు మిల్లీమీటరులో నూరవవంతు కంటె తక్కువ. అతుకు వేయునపుడు కొనమీద ఒక్క ధూళిరేణువు నిలిచినను వెలుగు అడ్డగింపబడును. బొగ్గుధూళి కిటికీలమీద నల్లగా పేరుకొనుచున్నదని వన్‌టౌను వాసులు ఏండ్ల తరబడి మొరపెట్టుకొనుచునేయున్నారు. అట్టి చోట తీగ కొనను తుడువకుండ బిగించి పోయిన పనివాడు ఆ యింటివారి వేగమును తన చేతితోనే తగ్గించి పోయినట్లు. తీగను మూలలో మడతపెట్టి మేకు కొట్టుటయు నంతే. గాజుతీగను గుండ్రముగా వంపవచ్చును గాని మడువరాదు. తీగలు స్తంభములమీద వ్రేలాడుచుండుట మరియొక చిక్కు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను స్తంభములను, టవర్లను కూల్చినపుడు ఊరికి ఊరే మూగవోయినది. తరువాత నగరములో విద్యుత్తుతీగలను భూమిలో వేయు పని చేపట్టినారు. ఇంటర్నెట్టు తీగలు మాత్రము అధికభాగము ఇప్పటికిని గాలిలోనే యున్నవి. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ సయితము విద్యుత్‌స్తంభముల మీదుగా తీగలు లాగియే చౌకగా, నెలకు 149 రూపాయలకు, పల్లెలకు చేరగలిగెను. చౌకకును భద్రతకును ఉన్న ఈ పేచీ ఇప్పట్లో తీరునది కాదు.

ఫైబరు వీథిలోనికి వచ్చిన తరువాత ఒక చిన్న పెట్టెలో చీలి, ఒకే తీగ 32 లేక 64 ఇండ్లకు పంచబడును. సాధారణముగా వాడుకలోనున్న జీపాన్ పద్ధతిలో ఆ తీగ మొత్తము బలము సెకనుకు సుమారు 2,500 మెగాబిట్లు. 64 ఇండ్లవారును ఒక్క క్షణమున వాడినచో తలకు 39 మెగాబిట్లే వచ్చును, పథకము నూరైనను ఇన్నూరైనను. అయితే అందరును ఒక్క క్షణమున వాడరు గనుక కథ నడుచుచున్నది. నిజమైన ఇరుకు తరచుగా దీనికి వెనుకనుండును. చిన్న ఆపరేటరు పెద్ద కంపెనీవద్ద టోకుగా కొంత సామర్థ్యము కొని చందాదారులకు చిల్లరగా అమ్మును. చందాదారులు పెరిగినను ఆయన కొనునది పెరుగనిచో, రాత్రి తొమ్మిది గంటలకు ఊరంతయు తెరలముందు కూర్చుండు వేళ అందరికిని తగ్గును. తెల్లవారుజామున అద్భుతముగా, రాత్రి దయనీయముగా నున్నచో దోషము ఇంటిలో లేదని తెలిసికొనవచ్చును.

కంచరపాలెపు పెద్దమనిషిగారి యిబ్బంది మాత్రము పగలు రాత్రి ఒకే తీరున నుండెను. కావున ఒక ఆదివారము, ఈ విద్య తెలిసిన మా మిత్రుని వెంటబెట్టుకొని వారింటికి వెళ్లితిమి. మొదట రూటరునుండి తీగతో లాప్‌టాపును కలిపి చూచితిమి. ఇన్నూరుకు పది తక్కువ. అనగా కంపెనీవారు చెప్పినది ఇంటిలోనికి వచ్చుచున్నది. తరువాత తీగ తీసి, పెట్టె ప్రక్కనే నిలిచి, వైఫైలో చూచితిమి. నూటయేబది. పిమ్మట కోడలు పనిచేయు వెనుకగదిలో చూడగా తొమ్మిది. మరల చూడగా రెండు. ఇంకొకసారి ఆరు.

కారణము వెదకనక్కర లేకపోయినది. రూటరు ముందుగదిలో, అందమునకు అడ్డమని, ఒక ఉక్కు బీరువా వెనుక నేలమీద పెట్టబడియున్నది! వైఫై యనునది కూడ మా రేడియో వంటి తరంగమే. 2.4 గిగాహెర్ట్‌జుల తరంగము అంగుళముల లెక్కన నాలుగైదు పొడవుండును. 5 గిగాహెర్ట్‌జులది అందు సగము. మొదటిది గోడలను కొంత దాటును గాని వేగము తక్కువ. రెండవది వేగము గలదే గాని గోడ కనబడినచో డస్సిపోవును. ఇనుపకడ్డీల కాంక్రీటు రెంటికిని గిట్టదు. ఉక్కు రేకు నెదుట రెండును వెనుదిరుగవలసినదే. ఉక్కునగరమువారికి ఉక్కు గుణము మేము చెప్పవలెనా!

ఇంటి కొలదియు తేడా యుండును. ఉక్కునగరములో విడివిడిగా నున్న క్వార్టర్లలో పొరుగువారి తరంగముల తాకిడి తక్కువ. ఎం.వి.పి. కాలనీ, మధురవాడ వంటి చోట్ల ఒక్క అపార్టుమెంటులో పది ఇరువది రూటర్లు ఒకదాని మీద నొకటి మాటలాడుచుండును. 2.4 గిగాహెర్ట్‌జుల పట్టీలో ఒకదాని నొకటి ఒరయని దారులు మూడే యుండుట చేత ఆ రద్దీ సంతలో గోలవలె నుండును. వంటింటి మైక్రోవేవు పొయ్యి పనిచేయునదియు ఆ పట్టీలోనే.

ఇక పెద్దమనిషిగారి ముఖ్యప్రశ్న. మా కార్యక్రమపు ధ్వనికి సెకనుకు నూరు, ఇన్నూరు కిలోబిట్లు చాలును; వీడియో మీటింగునకు మూడు నాలుగు మెగాబిట్లు. రెండు మెగాబిట్లు వచ్చినపుడైనను ధ్వని తెగనేల? ఇంటర్నెట్టులో మాట చిన్నచిన్న పొట్లములుగా కట్టి పంపబడును. సినిమాలో ఒక పొట్లము ఆలస్యమైనను ముందుగా తెచ్చి నిలువచేసిన సరకుతో నెట్టుకొని పోవచ్చును. ఎదుటివారితో మాటలాడునపుడు నిలువ యుండదు. వైఫై బలహీనమైన చోట పొట్లములు దారిలో పోవును, మరల పంపబడును, ఒకటి ముందు ఒకటి వెనుకగా వచ్చును. అందుచే లోపము వెడల్పులో గాక నిలుకడలో నున్నది. ఇన్నూరును మున్నూరు చేసినను బీరువా బీరువాయే. ఆ యింట మరియొక సంగతియు బయటపడినది. మనుమని ఫోను తీసిన ఫొటోలన్నిటిని తనంతట తాను పైకి పంపుచుండెను. ఇంటినుండి పైకిపోవు దారి నిండినపుడు కోడలి మాట దాని వెనుక వరుసలో నిలువవలసి వచ్చుచుండెను. పథకము తీసికొనునపుడు దిగు వేగము నడుగువారే గాని ఎక్కు వేగము నడుగువారు అరుదు.

అమెరికా కుమారునికి తెగకుండుటలో వింత లేదు. గాజులో వెలుగు సెకనుకు సుమారు రెండులక్షల కిలోమీటర్లు పోవును. విశాఖనుండి ఎనిమిది వందల కిలోమీటర్ల దూరమున నున్న చెన్నైకి పోయి వచ్చుటకు సెకనులో వెయ్యింట ఎనిమిది పాళ్లు చాలును. అమెరికాకు పోయి వచ్చుటకు దరిదాపు పావు సెకను. దూరము జాప్యమును పెంచును గాని ధారను తెంపదు. తెంపునది, అరుదుగానైనను, సముద్రగర్భపు తీగ తెగుట. 2025 సెప్టెంబరులో ఎర్రసముద్రమున తీగలు తెగినపుడు మన దేశములోను కొందరికి మందగించినది. ఇంతవరకు అట్టి తీగలు మన దేశమున ముఖ్యముగా ముంబయి, చెన్నై తీరములను, కొన్ని కొచ్చి, తూత్తుకుడి, తిరువనంతపురములను చేరినవి. ఇంత రేవు గల విశాఖను అవి దాటిపోయినవి. 2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ విశాఖలో అయిదేండ్లలో 1,500 కోట్ల డాలర్లతో నిర్మింపదలచిన కేంద్రమును ప్రకటించునపుడు, సముద్రపు తీగలను ఇచటికి తెచ్చు ఆలోచననుకూడ చెప్పినది. అది నెరవేరిననాడు ఒక దారి తెగినను మరియొక దారి యుండును. అది చిన్న లాభము కాదు. అయితే దానివలన మన వెనుకగదిలో తొమ్మిది నూరగునని మాత్రము ఎవరును ఆశపడవలదు.

కనుక పథకము పెంచుటకు ముందు మేము ఆదివారము చేసిన పరీక్షను మీరును చేసి చూడుడు: తీగతో ఒకసారి, పెట్టె ప్రక్కన ఒకసారి, మీరు కూర్చుండు చోట ఒకసారి, తెల్లవారుజామున, రాత్రి తొమ్మిదికి. తీగతోనే తక్కువైనచో కంపెనీవారిని నిలదీయుడు. పాత తీగయైనచో, లేక రూటరు రంధ్రము పాతకాలపుదైనచో, అది నూరు దాటనీయదు. పెట్టె ప్రక్కన బాగుండి గదిలో తగ్గినచో ధన మీయవలసినది కంపెనీకి కాదు, ఒక పొడవైన తీగకో రెండవ పెట్టెకో. పరీక్షకు వాడు వెబ్‌సైట్లు తరచుగా దగ్గరి యంత్రమునే, ఒక్కొక్కప్పుడు ఆపరేటరు సొంత యంత్రమునే, ఎంచుకొనును గనుక ఆ అంకె కొంత పొగడ్తగా నుండునని ఎరిగి చదువవలెను.

కంచరపాలెములో బీరువాను కదల్చుటకు గృహిణిగారు ఒప్పుకొనలేదు. పెట్టెనే హాలులో ఎత్తైన అలమారుమీదికి మార్చి, కోడలి బల్లకు గోడవెంట ఒక తీగ లాగితిమి. మనుమని ఫోను ఇప్పుడు రాత్రి అందరు నిద్రించిన పిమ్మట ఫొటోలు పంపుచున్నది. పథకమును నూటికి దించినారు. మూడవ హెచ్చరిక రాలేదు.

పదిదినముల పిమ్మట ఆయనవద్దనుండి మరియొక ఉత్తరము. ఇంటర్నెట్టు దివ్యముగా నున్నదట; కాని రాత్రివేళ మీడియంవేవులో దూరపు కేంద్రములు పెట్టినచో రేడియో గుయ్యిమనుచున్నదట. అలమారుమీద రూటరు ప్రక్కనే రేడియో యున్నదని మేము ఆనాడు గమనింపనేలేదు. రూటరు ప్లగ్గులోని చిన్న యంత్రము వెదజల్లు విద్యుత్తు అలజడి మీడియంవేవున వినబడును. రెండు మూడు గజములు ఎడముగా, వేరొక ప్లగ్గునకు మార్చుడని జవాబు వ్రాసితిమి.