ఇసుకలో దాగిన చారల చేప

శ్రీకూర్మనాథుని దర్శించి తూర్పుగా సముద్రతీరమునకు వెళ్ళిన శ్రోతలు, అచ్చటి మత్స్యకారులు అలివి వలను ఒడ్డునకు లాగుట చూచియే యుందురు. కవళ్ళు, కానాగంతలు, రొయ్యలు ఏరివేసిన పిమ్మట మిగిలిన చిల్లర చేపలలో, జానెడైనను లేని పలుచని చేప యొకటి ఒక్కొక్కప్పుడు కనబడును. లేత గోధుమవన్నె మేనిపై తలనుండి తోకవరకు అడ్డముగా ముదురు చారలు. రెండు కన్నులును ఒకే ప్రక్కన. దేవుడు దీనిని తొందరలో చేసినాడు కాబోలునని అనిపించును.

కాని ఆ రూపము తొందరలో వచ్చినది కాదు. గ్రుడ్డునుండి వెలువడిన పిల్లకు అన్ని చేపలకువలెనే ప్రక్కకొక కన్ను ఉండును. అది నిటారుగానే ఈదును. కొంత పెరిగిన పిమ్మట ఎడమకన్ను తలమీదుగా మెల్లగా జరిగి కుడికంటి సరసకు చేరును. అప్పుడు పిల్ల అడుగునకు దిగి, ఎడమప్రక్కను ఇసుకకు ఆనించి పరుండును. అంగళ్ళలో దొరకు నాలుకచేప దీని చుట్టమే. కాని దాని కన్నులు ఎడమప్రక్కన ఉండును. ఇట్టి చేపల పూర్వరూపములు ఇటలీ దేశపు శిలలలో దొరికినవి. సుమారు 5 కోట్ల యేండ్లనాటి ఆ చేపలలో కన్ను సగము దూరమే జరిగియున్నదని 2008లో వెల్లడియైనది.

ఈ చేపకు వేగము లేదు, ముల్లుల బలము లేదు. దాగుటయే దాని రక్షణ. రెక్కల అంచులను అలలవలె కదలించి మీద ఇసుక చల్లుకొని, కన్నులు మాత్రము పైకి ఉంచును. చారలు మేని ఆకారమును ముక్కలుగా విరిచి చూపుటచే శత్రువునకు చేప చేపగా తోచదు. పురుగులు, చిన్న రొయ్యజాతి ప్రాణులు దాని ఆహారము.

మన తీరపు చేపలను విశాఖపట్టణములో పరిశీలించిన పాట్రిక్ రస్సెల్, 1803లో లండనులో ప్రకటించిన గ్రంథమున 200 చేపలను జాలరుల తెలుగు పేర్లతోనే వర్ణించెను. ఇసుకనంటియుండు బల్లపరుపు చేపలు కొన్నింటికి ఆయన వ్రాసికొన్న పేరు జెర్రిపోతు. నేడు ఆ పేరు వినగానే మనకు పాము గుర్తుకు వచ్చును. తరువాత 1908లో 'గోల్డెన్ క్రౌన్' అను ఆవిరి ఓడ అడుగును ఊడ్చు ట్రాలు వలతో బంగాళాఖాతమును శోధించెను. ఆ శోధనలో పాల్గొన్న జెంకిన్సు 1910లో చారల చేపలలో ఒకదానిని శాస్త్రలోకమునకు పరిచయము చేసెను.

చారల చేపను మనకు ఎరుకపరచిన ట్రాలు వలయే నేడు దానికి ముప్పు. ఇసుకలో కదలక దాగిన చేప శత్రువు కంటినుండి తప్పించుకొనగలదు గాని, ఇసుకనే దువ్వు వలనుండి తప్పించుకొనలేదు. పట్టుబడినది ధర పలుకదు. ఎండి, కోళ్ళమేతలో కలియును. మనము కొని తిను నాలుకచేపల పిల్లలును, రొయ్యలును ఆ ఇసుకలోనే పెరుగును. అందుచేతనే మన రాష్ట్రమున తీరమునుండి 8 కిలోమీటర్ల వరకు సముద్రము సాంప్రదాయిక పడవలకు విడువబడినది. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధింపబడినది. ఈ కట్టుబాట్లు కాగితముపై నిలిచిన చాలదు, నీటిపైనను నిలువవలెను.

ఈమారు శ్రీకూర్మపు తీరమున అట్టి చేప ప్రాణముతో కనబడినచో, దాని రెండు కన్నులను ఒక్కసారి చూచి, వలవారిని అడిగి నీటిలో విడిచిపెట్టుడు.