టవరు చూపిన చుక్క
(మూడవ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి)

పోయిన ఏడాది మిరప తోటకు నీళ్లు కట్టే రోజుల్లో మా బావి దగ్గర స్టార్టరు డబ్బా పోయింది. అది మామూలు స్టార్టరు కాదు. లోపల సిమ్ కార్డు ఉంటుంది. ఇంట్లో మంచం మీద కూర్చుని ఫోను కొడితే పొలంలో మోటారు తిరుగుతుంది. కరెంటు పోతే పోయిందని కబురు కూడా పంపుతుంది. రాత్రిళ్లు పాములకు జడుస్తూ గట్ల వెంట నడిచే బాధ తప్పుతుందని నాన్న అప్పు చేసి మరీ కొన్నారు.

డబ్బాతో పాటు వచ్చిన యాప్‌లో 'లొకేషన్' అని ఒక మీట ఉంది. నొక్కగానే మ్యాపు మీద ఎర్రటి చుక్క కనిపించింది. పక్క పల్లెలో, రోడ్డు వారగా, ఒక ముసలి కూలీ ఇంటి పక్కనే ఉంది ఆ చుక్క. మా పెదనాన్న ఇంకో నలుగురిని వెంటబెట్టుకుని వెళ్లి ఆయన్ని నిలదీశారు. ఇల్లంతా వెతికారు. ఏమీ దొరకలేదు. "నాకు సెంటు పొలం లేదు, మోటారు లేదు, స్టార్టరు నేనేం చేసుకుంటానయ్యా" అన్నాడట ఆయన.

నేనప్పుడు హాస్టల్లో ఉన్నాను. సంగతి ఫోన్లో విని, "చుక్క కనబడుతోంది గదా, ఇంకేం కావాలి" అని నేనూ అన్నాను. ఫిజిక్స్ చదివేవాణ్ణి అయివుండీ అన్నాను! అసలు ఆ చుక్క ఎక్కడినుండి వచ్చిందో తెలుసుకోవాలని తరువాత చేసిన ప్రయత్నమే ఈ వ్యాసం.

మ్యాపు మీద చుక్క అంటే జి.పి.ఎస్. అనే అనుకుంటాం. జి.పి.ఎస్. ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ సమయాన్ని ప్రసారం చేస్తుంటాయి. కనీసం నాలుగింటి సంకేతాలు అందితే, అవి వచ్చిన ఆలస్యాలను బట్టి రిసీవరు తానెక్కడున్నదీ కొన్ని మీటర్ల తేడాలో లెక్కగడుతుంది. ఐతే ఇందులో రెండు చిక్కులున్నాయి. అంత దూరం నుండి వచ్చే సంకేతం చాలా బలహీనమైంది, రేకుల షెడ్డు లోపలికీ ఇనుప డబ్బా లోపలికీ చొరబడదు. రెండోది, ఉపగ్రహం తన కక్ష్య వివరాలను సెకనుకు 50 బిట్ల చొప్పున నింపాదిగా చెబుతుంది. అప్పుడే మేల్కొన్న రిసీవరుకు ఆ వివరాలన్నీ వినడానికే అర నిమిషం పడుతుంది. అంతసేపూ బ్యాటరీ కరుగుతూనే ఉంటుంది. ఫోనునైతే రోజూ ఛార్జింగ్ పెట్టుకుంటాం. ఏళ్ల తరబడి ఒకే బ్యాటరీ మీద బతకవలసిన పరికరానికి ఇది పెద్ద భారమే.

అందుకని వేరే ఉపాయం పట్టారు. సిమ్ ఉన్న ప్రతి పరికరమూ ఎలాగూ ఏదో ఒక టవరుతో మాట్లాడాలి. ప్రతి టవరూ తన చిరునామాను నిరంతరం చాటుతూ ఉంటుంది. అందులో నాలుగు అంకెలుంటాయి: దేశం (మనకు 404, 405), కంపెనీ, ప్రాంతం, ఆ ప్రాంతంలో ఫలానా సెల్. పరికరం వీటిని చదివి సర్వరుకు పంపితే చాలు. ఫలానా సెల్ ఎక్కడుందో సర్వరు పట్టికలో చూసి చెబుతుంది. కొత్తగా వినవలసిందీ లేదు, అదనపు యాంటెన్నా అక్కర్లేదు. 2007 నవంబరులో గూగుల్ మ్యాప్స్, జి.పి.ఎస్. లేని ఫోన్లలోనూ స్థానం చూపించడం మొదలుపెట్టింది ఈ పద్ధతిలోనే. అంతకుముందు మన పాత ఫోన్ల తెర మీద ఏరియా పేర్లు కనిపించేవట. అవీ టవర్లు చాటినవే. బస్సులో నిద్రపోయి లేచి, తెర చూసి ఏ ఊరొచ్చిందో చెప్పేవాణ్ణని నాన్న ఇప్పటికీ అంటారు.

ఇక్కడే అసలు సంగతి ఉంది. ఈ పద్ధతి చెప్పేది పరికరం ఎక్కడుందో కాదు, అది ఏ టవరు మాట వింటోందో. పట్నంలో కొన్ని వందల మీటర్లకొక టవరు ఉంటుంది కనుక తేడా తక్కువ. మా వైపు అలా కాదు. ఒక్క టవరు చుట్టూ నాలుగైదు ఊళ్ల పొలాలు ఉంటాయి. ఆ మేరలో డబ్బా ఎక్కడున్నా సమాధానం ఒక్కటే.

దీన్ని కొంత బిగించే దారులు లేకపోలేదు. సాధారణంగా ఒక టవరు మీద మూడు ముఖాలుంటాయి, ఒక్కొక్కటి 120 డిగ్రీల మేర చూస్తుంది. ఏ ముఖమో తెలిస్తే దిక్కు తెలుస్తుంది. ఇంకొకటి కాంతి వేగం. 2జిలో పరికరం మాట సరైన క్షణానికి చేరాలి గనుక, ఎంత ముందుగా మాట్లాడాలో టవరే దానికి చెబుతుంది. ఆ లెక్కలో ఒక్కో మెట్టు 3.69 మైక్రోసెకన్లు. అంతలో కాంతి దాదాపు 1,107 మీటర్లు పోతుంది. అది రానూపోనూ దూరం కనుక సగం చేస్తే సుమారు 550 మీటర్లు. అంటే టవరు చుట్టూ 550 మీటర్ల వెడల్పున గీసిన వలయాల్లో పరికరం ఏ వలయంలో ఉందో తెలుస్తుందన్నమాట. 4జిలో ఈ మెట్టు 78 మీటర్లకు తగ్గింది. మూడు టవర్లు వినిపిస్తే ఇంకా దగ్గరకు రావచ్చు. మా పొలంలో రెండోది వినబడటమే గగనం.

పట్టిక సంగతీ చెప్పాలి. టవర్ల జాబితా కంపెనీల దగ్గర ఉంటుంది కాని అందరికీ ఇవ్వరు. అందుకని ఓపెన్ సెల్ ఐడి వంటి పట్టికలను జనమే కూర్చారు. జి.పి.ఎస్. ఉన్న ఫోన్లతో తిరుగుతూ, ఇక్కడ ఫలానా సెల్ వినబడింది అని నమోదు చేస్తారు, వాటి సగటును స్థానంగా తీసుకుంటారు. (మోజిల్లా వారు 2013లో ఇలాంటిదే మొదలుపెట్టి 2024లో మూసేశారు.) మరి ఇలా తిరిగేవారు రోడ్ల మీద తిరుగుతారు గాని మిరప చేలల్లో తిరుగుతారా? అందుచేత చుక్కలు రోడ్ల వైపు జరుగుతాయి. రోడ్డు పక్కన ఇళ్లుంటాయి, ఇళ్లలో మనుషులుంటారు.

స్థానం లెక్కగట్టే సేవలు అక్షాంశ రేఖాంశాలతో పాటు 'ఇన్ని మీటర్లు అటూ ఇటూ' అనే అంకెను కూడా ఇస్తాయి. దాన్ని వలయంగా గీసి చూపితే, పెదనాన్న ఫోనులో నాలుగు ఊళ్లూ ఆ వలయంలో పడేవి. మా యాప్ తయారుచేసినవారు వలయం తీసేసి చుక్క మాత్రమే ఉంచారు. చూడటానికి బాగుంటుందనుకున్నారు కాబోలు! చేసిన వాటన్నింటిలో నాకు క్షమించరానిదిగా తోచింది ఇదే.

యాప్‌లే కాదు, కోర్టులు కూడా తడబడ్డాయి. డెన్మార్క్‌లో 2019 ఆగస్టులో ఫోన్ల టవరు సమాచారాన్ని న్యాయస్థానాల్లో సాక్ష్యంగా వాడటం రెండు నెలలపాటు నిలిపివేశారు. కంపెనీలిచ్చే ముడి సమాచారాన్ని మార్చే ప్రోగ్రాములో తప్పులు దొరికాయి. కొన్ని ఫోన్లను తప్పు టవర్లకు ముడిపెట్టారని కూడా తేలింది. 2012 నుండి నడిచిన పదివేలకు పైగా కేసులను తిరగదోడవలసి వచ్చింది. మన పేపర్లలో 'సెల్ టవర్ సిగ్నల్ ఆధారంగా పట్టుకున్నారు' అని చదివినప్పుడల్లా, టవరుతో పాటు ఇంకేం ఆధారం దొరికిందో అని ఇప్పుడు వెతుకుతున్నాను.

ఇంత చెప్పి పద్ధతినే తిట్టడం న్యాయం కాదు. లారీ ఒంగోలు దాటిందా, నెల్లూరు చేరిందా అన్న ప్రశ్నకు టవరు జవాబు చాలు. మా డబ్బా ఏ మద్రాసులోనో తేలి ఉంటే, ఊరు దాటిందని నిక్కచ్చిగా తెలిసేది. 'ఏ ప్రాంతం' అన్నదానికి పనికొచ్చే సాధనాన్ని 'ఎవరి ఇల్లు' అని అడిగాం, అదీ జరిగింది.

సంక్రాంతికి ఇంటికి వెళ్లేసరికి నాన్న మళ్లీ అలాంటి డబ్బానే కొన్నారు. కరెంటు పోయిన కబురు పంపడానికి లోపల చిన్న బ్యాటరీ ఉంటుంది కనుక, పాతది పీకిన తరువాత కూడా కొంతసేపు మాట్లాడి ఉండాలి. ఆ చివరి మాట మా బావి దగ్గరినుండే వచ్చి ఉండవచ్చుననే అనుమానం నాకు అప్పటికే కలిగింది. కొత్త డబ్బాను షెడ్డులో బిగించి, మోటారు పక్కనే నిలబడి మీట నొక్కాను. చుక్క కనిపించింది. మా బావికి రెండు కిలోమీటర్లకు పైగా దూరంలో, పక్క పల్లె టవరు కింద, అదే ముసలాయన ఇంటి పక్కన.

ఫోను తీసుకెళ్లి పెదనాన్నకు చూపించాను. చాలాసేపు చూశారు, ఏమీ అనలేదు. ఆ సాయంత్రం నాన్న, నేను ఆ పల్లెకు వెళ్లాం. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నాన్న నా చేతిలో ఫోను ఆయనకు చూపించి, "పెద్దాయనా, మా డబ్బా మా బావి కాడే ఉంది, ఇది మాత్రం మీ ఇంట్లో ఉందంటోంది. తప్పు మాది" అన్నారు. ఆయన తెర వంక చూసి, "ఇప్పుడు కూడా నా ఇల్లే చూపిస్తోందా?" అని అడిగాడు. అవునన్నాను. "మరి ఇంకోడి డబ్బా పోతే?" అన్నాడు.

యాప్ వాళ్లకు మూడుసార్లు రాశాను. ఈ వ్యాసం సంచికకు ఇచ్చే నాటికి జవాబు రాలేదు.