పెంపుడు తల్లియు, ఫించి పిల్లలును

కోకిలకు మన పూర్వులు పరభృతమని పేరిడిరి. పరులచే పోషింపబడినదని దాని యర్థము. కాకి తన గూటిలో దాని గ్రుడ్డును పొదిగి, పిల్లకు మేత పెట్టి పెంచును. అడవిలో విడువబడిన శిశువును శకుంతములు, అనగా పక్షులు, కాచియుండుటచేతనే కణ్వమహర్షి యామెకు శకుంతల యని పేరు పెట్టెను. కన్నతల్లి యొకరును పెంచిన తల్లి వేరొకరును అగుట పక్షులకు గాని మనుష్యులకు గాని క్రొత్త కాదు. మా సికిందరాబాదులో ఫించి పిట్టలను పెంచు గృహములు కొన్ని కలవు. తల్లి విడిచిన గ్రుడ్లను వేరొక జంటచే పెంపించు పద్ధతిని గూర్చి సోదరీమణులకు నాలుగు మాటలు విన్నవించెదము.

మొదట నొక హెచ్చరిక. మన పొలములలో తిరుగు జీనువాయి పిట్టలు, సంతలో మునియాలనబడునవి, ఫించులకు దగ్గర చుట్టములే. వానిని పట్టుటయు అమ్ముటయు పంజరమున నుంచుటయు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము. ఎవరేని రంగు పూసి యమ్మజూపినను కొనరాదు. మేము చెప్పబోవునది తరతరములుగా పంజరములలోనే పుట్టి పెరుగుచున్న విదేశపు జాతులను గూర్చి మాత్రమే.

వీనిలో మిక్కిలి యందమైనది గౌల్డియను ఫించి. దీని పుట్టినిల్లు ఆస్ట్రేలియా ఉత్తరభాగము. 1844లో జాన్ గౌల్డు అను పక్షిశాస్త్రజ్ఞుడు గతించిన తన భార్య యెలిజబెత్తు జ్ఞాపకార్థము దీనికీ పేరిడెను. ఆమె భర్త గ్రంథములకు పక్షుల బొమ్మలు వ్రాసిన చిత్రకారిణి. 1838లో ఆస్ట్రేలియాకు ఓడ యెక్కునపుడు పెద్ద కుమారుని వెంట గొని, చిన్నబిడ్డలు మువ్వురను తన తల్లియొద్ద విడిచి వెళ్లెను. తిరిగివచ్చిన పిమ్మట 1841లో ప్రసవానంతరము మరణించెను. ఆమె పేరు ధరించిన పిట్ట పంజరములో పలుమారు గ్రుడ్లను పొదుగక విడుచును. లేదా పిల్లలకు మేత పెట్టక మానును.

అట్టి యెడ దాదివలె నిలుచునది బెంగాలీసు ఫించి. పేరునుబట్టి వంగదేశపుదని తలపరాదు. సుమారు 250 సంవత్సరములకు పూర్వము చీనానుండి జపానుకు పోయిన ఒక మునియా జాతిని అచ్చటివారు మచ్చిక చేయగా నేర్పడినది. గ్రుడ్లను శ్రద్ధగా పొదిగి పిల్లలను చక్కగా పెంచు జంటలనే తరతరములు ఎంచుకొనుటచే, పరుల పిల్లలనైనను ఆదరించు గుణము దీనికి స్థిరపడినది.

పిల్లలనుకంటె గ్రుడ్లను మార్చుటయే మేలు. దాది జంటయు ఇంచుమించు అదే దినములలో గ్రుడ్లు పెట్టియుండవలెను. దాని గ్రుడ్లను తీసి, విడువబడినవానిని నాలుగైదింటికి మించకుండ గూటిలో నుంచవలెను. వేర్వేరు వయస్సుల పిల్లలను కలుపరాదు. పెద్దవి నోరు చాచి మేతనంతయు దక్కించుకొనును, చిన్నవి మాడిపోవును. పదునాలుగు పదునైదు దినములకు గ్రుడ్లు పగులును. సాయంకాలమున పిల్ల మెడ ప్రక్కనున్న మేతసంచి నిండియున్నదా యని చూడవలెను. పలుచని చర్మముగుండ గింజలు కన్నులకు కనబడును.

దాదికి రోగమున్నచో పిల్లలకును సోకును. బెంగాలీసు తాను ఆరోగ్యముగా కనబడుచునే ప్రేగులలో సూక్ష్మక్రిములను మోయుచుండవచ్చును. గౌల్డియను పిల్లలకవి ప్రాణాంతకములు. కావున ముందుగానే పశువైద్యునిచే రెట్టను పరీక్ష చేయించుట యవశ్యము.

మోండా మార్కెటుకు పోయినపుడు కొర్రలు, సామలు, వరిగలు క్రొత్తవి చూచి తెచ్చుకొనవలెను. మొలకెత్తిన గింజలు, ఉడికించిన గ్రుడ్డు పొడి పిల్లలకు బలము. మన వేడికి ఇవి త్వరగా పులియును గనుక రెండు మూడు గంటలలో తీసివేయవలెను. సున్నపు సత్తువకు మూలికల కొట్టులో దొరకు సముద్రఫేనము చాలును. మా ఊరి చైత్రవైశాఖముల యెండలలో గూళ్లను తీసివేసి పిట్టలకు విశ్రాంతి నిచ్చుట మంచిది.

మూడు వారములు దాటగా పిల్లలు గూడు విడుచును. ఎగురుచున్నవి గదా, ఇక స్వయముగా మేయునని వెంటనే వేరుచేయువారు కలరు. ప్రాణాపాయ మిచ్చటనే యున్నది. గింజను ముక్కున పట్టుట వేరు, పొట్టు వలిచి మింగుట వేరు. బిడ్డకు పాలు మాన్పించునట్లే దీనిని మెల్లమెల్లగా చేయవలెను. కొర్రకంకిని క్రింద కట్టి, నానిన గింజలను దాది కండ్లయెదుటనే పెట్టినచో పిల్లలు చూచి నేర్చుకొనును. ఆరు వారములు నిండువరకు దాదితోనే యుంచి, పిమ్మట తీగెల అడ్డు మాత్రము పెట్టవలెను. దాది ఆ సందులనుండి మేత నందించుచునే యుండును. పిల్ల ఈకలు ఉబ్బించుకొని ముడుచుకొన్నను, రొమ్ము ఎముక వాడిగా తగిలినను మరల దాదియొద్దకు చేర్చవలెను.

కడుపు నిండినంతమాత్రమున పెంపకము పూర్తికాదు. క్లౌస్ ఇమ్మెల్మాన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు బెంగాలీసు జంటలచే జీబ్రా ఫించి పిల్లలను పెంపించి చూచెను. ఆ మగపిల్లలు పెంపుడు తండ్రి పాటనే నేర్చినవి. పెద్దవై స్వజాతి ఆడపిట్టలను విడిచి బెంగాలీసులనే వరించినవి. కావున పిల్లల స్వజాతి పిట్టల పంజరమును మొదటినుండియు ప్రక్కనే యుంచి, మేయ నేర్చిన వెంటనే వానిని అందు చేర్చవలెను. అంతమాత్రమున దోషమంతయు తొలగునని చెప్పజాలము, కొంత తగ్గును.

ఈ సదుపాయమును లోభమునకు వాడుకొనుట తగదు. గ్రుడ్లను వెంటవెంటనే తీసివేసినచో తల్లి మరల మరల పెట్టి కృశించిపోవును. తమ పిల్లలను తామే పెంచు జంటలకు ముందుగా నవకాశమిచ్చి, అవి విడిచినప్పుడు మాత్రమే దాదిని వెదకుట న్యాయము. దాది జంటచేతను సంవత్సరమునకు రెండు మూడు పర్యాయములకు మించి పిల్లలను పెంపింపరాదు. పరుల బిడ్డను పెంచు తల్లికిని అలసట కలదని స్త్రీలమైన మనకు వేరుగా చెప్పవలెనా?