చదునైన నేల మీద పరుగు: ఎవర్‌గ్లేడ్స్ అపోహలు – వాస్తవాలు

అమెరికాలో ఫ్లోరిడా దక్షిణపు కొసన ఉన్న ఎవర్‌గ్లేడ్స్ నేషనల్ పార్కులో, ప్రధాన రోడ్డు పక్కన ఒక బోర్డు కనబడుతుంది: రాక్ రీఫ్ పాస్, ఎత్తు 3 అడుగులు. సముద్రమట్టం నుంచి లెక్క అది. అంత చదును నేల. అక్కడ పరుగెత్తుదామనే మాట వస్తే జనం రెండు రకాలుగా మాట్లాడతారు. ఎత్తుపల్లాలు లేవు కాబట్టి హాయిగా పరుగెత్తొచ్చని కొందరు, మొసళ్ల మధ్య పరుగేమిటని కొందరు. రెండూ సగం సగం తెలిసి అనే మాటలే. అక్కడ పరుగెత్తేవాళ్లు చూసుకోవలసింది ఎత్తును కాదు, నీటిని, ఎండను, గాలిని, ఏ నెలలో వెళ్తున్నామన్నదాన్ని.

అపోహ: చదునైన దారి, కాబట్టి తేలిక.

పార్కులో పరుగుకు అందరూ ముందుగా చెప్పే దారి షార్క్ వ్యాలీ. పేరులో ఉన్న సొరచేపలు ఆ రోడ్డు దగ్గర ఉండవు. తారు పోసిన చుట్టుదారి, మొత్తం 15 మైళ్లు, అంటే 24 కిలోమీటర్లు. హాఫ్ మారథాన్‌ కంటే దాదాపు మూడు కిలోమీటర్లు ఎక్కువ. సొంత కార్లను రానివ్వరు. నడిచేవాళ్లు, సైకిళ్లు, పార్కువాళ్ల ట్రామ్ మాత్రమే తిరుగుతాయి. పడమటి వైపు రోడ్డు కాలువ పక్కనే సూటిగా సాగుతుంది. 1940లలో చమురు కోసం వెతికినవాళ్లు వేసుకున్న దారి అది. తూర్పు వైపుది వంపులు తిరుగుతుంది. రెండూ కలిసే చోట, సగం దూరంలో, పరిశీలన గోపురం ఉంటుంది.

గుట్టల దారిలో ఎక్కేటప్పుడు కొన్ని కండరాల మీద, దిగేటప్పుడు మరికొన్నిటి మీద భారం పడుతుంది. వాటికి వంతులవారీగా కాస్త విశ్రాంతి దొరుకుతుంది. చదును మీద అదే అడుగు, అదే కోణం, అదే పిక్క, వేలసార్లు. పదహారో కిలోమీటరు దాటాక పిక్కలు, తొడ వెనక కండరాలు బిగుసుకోవడానికి కారణం ఈ మార్పులేనితనమే. పైగా నీడ లేదు. ఇరువైపులా కనుచూపుమేర రంపపు అంచుల తుంగే. గోపురం దాకా వెళ్లాక ఓపిక అయిపోతే అడ్డదారి లేదు, మిగిలిన సగం ఎలాగూ దాటాలి. అందుకే మొదటిసారి వెళ్లేవాళ్లు చుట్టు పూర్తి చేయాలన్న పంతం పెట్టుకోకుండా, పడమటి రోడ్డు మీద నాలుగైదు కిలోమీటర్లు వెళ్లి వెనక్కి రావడం మంచిదని నా అభిప్రాయం. మధ్యలో కొన్ని నిమిషాలు నడక కలిపితే కండరాలకు మార్పు దొరుకుతుంది.

అపోహ: అది కదలని బురదనీటి చిత్తడి. దారులు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి.

ఎవర్‌గ్లేడ్స్ నిజానికి నది. ఉత్తరాన ఓకీచోబీ సరస్సు వైపు నుంచి దక్షిణాన సముద్రం దాకా, చాలా వెడల్పుగా, పలచగా, మైలుకు రెండు మూడు అంగుళాల వాలు మీద నెమ్మదిగా పారే నది. పార్కు ప్రారంభమైన 1947లోనే రచయిత్రి మార్జరీ స్టోన్‌మన్ డగ్లస్ దాన్ని గడ్డి నది అని పిలుస్తూ పుస్తకం రాశారు. అప్పటిదాకా పనికిరాని చిత్తడిగా కొట్టిపారేసిన నేలను జనం చూసే తీరే దానితో మారింది. ఆ నది ప్రవాహానికి 1928లో పూర్తయిన టమియామీ ట్రయల్ రహదారి అడ్డుకట్టలా నిలిచింది. నీరు మళ్లీ దక్షిణానికి పారడానికి ఇటీవలి ఏళ్లలో ఆ రహదారి కొంత భాగాన్ని వంతెనల మీదకు ఎత్తారు.

పరుగుకూ ఈ నీటికీ నేరుగా సంబంధం ఉంది. కొండల్లో వందల అడుగుల తేడా చేసే పని ఇక్కడ అంగుళాలు చేస్తాయి. కాస్త మెరక అయితే గట్టి కలప చెట్ల తోపు, ఇంకో చోట పైన్ వనం, కాస్త పల్లమైతే తుంగ, ఉప్పునీరు తగిలే చోట మడ అడవి. వానలు ఎక్కువైన ఏడాది షార్క్ వ్యాలీ రోడ్డు మీదికే నీరెక్కుతుంది, దారి మూసేస్తారు. పోయిన జనవరిలో ఎండి ఉన్న బాట ఈ అక్టోబరులో చీలమండ లోతు నీళ్లలో ఉండొచ్చు. బయల్దేరే ముందు పార్కు ఆ రోజు ఇచ్చిన హెచ్చరికలు చూసుకోవడం తప్పనిసరి.

అపోహ: ఎలిగేటర్ వెంటపడితే వంకరటింకరగా పరుగెత్తాలి.

ఇది చాలామంది నమ్మే మాట, ప్రమాదకరమైన మాట కూడా. మొసలి జాతి జంతువైన ఎలిగేటర్ నేల మీద కొద్ది దూరమే వేగంగా కదలగలదు, త్వరగా అలసిపోతుంది. వంకరగా పరుగెత్తితే దానికి దూరం జరగడం ఆలస్యమవుతుంది. నీటి అంచు నుంచి, దాని నుంచి సూటిగా దూరంగా వెళ్లిపోవాలి. అసలు అవి మనిషిని వెంటాడటమే చాలా అరుదు. చలికాలం పొద్దున రోడ్డు మీద పడుకున్నవి వేటకు రాలేదు, ఒంటికి వేడి కోసం వచ్చాయి. కనీసం 15 అడుగుల దూరం ఉండాలని పార్కు నియమం. దారికి అడ్డంగా పడుకుని ఉంటే ఆగి, దూరం వదిలి, తోకవైపు నుంచైనా మరీ దగ్గరగా దాటకుండా చూసుకోవాలి. వేసవిలో గూళ్ల దగ్గర, ఆ తర్వాత పిల్లలు గుడ్లు పగిలి బయటికొచ్చాక, తల్లి కాపలా కాస్తుంది. బుస వినబడితే వెనక్కి తగ్గాలి. ఆ శబ్దం వినబడాలంటే చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉండకూడదు. వాటికి తిండి వేయడం చట్టవిరుద్ధం. మనిషంటే తిండి అని అలవాటు పడిన ఎలిగేటరే తర్వాత వచ్చేవాళ్లకు ప్రమాదం.

బర్మా కొండచిలువల భయం కూడా ఇలాంటిదే. బయటి నుంచి వచ్చి చేరిన ఆ పాములు అక్కడి రకూన్లను, చిత్తడి కుందేళ్లను దాదాపు తుడిచిపెట్టాయి. వాటి నష్టం అడవికి, పరుగెత్తేవాళ్లకు కాదు.

అపోహ: బెజవాడ ఎండల్లో పెరిగినవాళ్లం, ఫ్లోరిడా వేడి మనకో లెక్కా?

ఈ మాట అనే మనవాళ్ల గురించే నాకు ఎక్కువ బెంగ. వేడికి అలవాటు పడటం పుట్టిన ఊరితో వచ్చే ఆస్తి కాదు. ఎండలో రోజూ కష్టపడితే పది పద్నాలుగు రోజుల్లో ఒంటికి ఆ అలవాటు వస్తుంది. ఏసీ గదుల్లో నెల గడిపితే చాలావరకు పోతుంది. పైగా ఎవర్‌గ్లేడ్స్ వేసవిలో 32 డిగ్రీలు దాటే వేడికి గాలిలో తేమ తోడవుతుంది. ఒంటిని చల్లబరిచేది చెమట కారడం కాదు, ఆరడం. ఆ ఉక్కలో చెమట ఆరదు. ఎంత కారినా లోపలి వేడి దిగదు. తల తిరగడం, మాట తడబడటం కనబడితే అది వడదెబ్బ. పరుగు ఆపి వెంటనే ఒళ్లు చల్లబరచాలి, సాయానికి పిలవాలి. పార్కులో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ సరిగా అందదు. ఒంటరిగా వెళ్లేవాళ్లు ఏ దారిలో వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి వెళ్లాలి.

డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా పొడికాలం. పగటి వేడి 25 డిగ్రీల దగ్గర ఉంటుంది, దోమలు తగ్గుతాయి, పరుగుకు ఇదే కాలం. మే నుంచి నవంబరు దాకా మధ్యాహ్నాలు ఉరుములు మెరుపులు. చదును నేల మీద నిలబడి ఉన్న మనిషే అన్నిటికంటే ఎత్తు. ఉరుము వినబడిందంటే పిడుగు పడే దూరంలో ఉన్నట్టే. ఒంటరి చెట్టు కిందికి పోకూడదు, కారులోకి గాని భవనంలోకి గాని చేరాలి.

అపోహ: నీళ్లు ఎంత తాగితే అంత మంచిది.

దాహానికి తగినంత తాగడమే సరైనది. అతిగా తాగితే రక్తంలో సోడియం పలచబడి ప్రాణం మీదికి వస్తుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతానికి సోడియం తక్కువగా ఉందని తేలింది.

అపోహ: సముద్రపు గాలి అలసట తీరుస్తుంది.

ఎదురుగా వీచినప్పుడు చల్లబరుస్తుంది, కానీ శక్తి లాగేస్తుంది. అడ్డు నిలిచే చెట్టూ ఇల్లూ లేవు. వెనక నుంచి వీచినప్పుడు గాలి వేగం, మన వేగం దగ్గరై ఒంటికి గాలే తగలదు, వేడి పెరుగుతుంది. వెళ్లి తిరిగొచ్చే పరుగైతే బయల్దేరేటప్పుడే గాలికి ఎదురుగా వెళ్లాలి.

అపోహ: కాలిన పైన్ వనం పాడైపోయినట్టే.

లాంగ్ పైన్ కీ బాట పైన్ చెట్ల మధ్య నుంచి పోతుంది. అడుగున పదునైన సున్నపురాయి, గుంటలు. కళ్లు నేల మీదే ఉండాలి. అక్కడి పాయిజన్‌వుడ్ చెట్టు మామిడి, జీడిమామిడి కుటుంబానిదే. జీడిసొన తగిలి బొబ్బలెక్కిన చేతులు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, కొమ్మలు ఒంటికి రాసుకోకుండా పోవాలి. నిప్పు ఈ వనానికి శత్రువు కాదు. అప్పుడప్పుడు కాలకపోతే కింద గట్టి కలప చెట్లు పెరిగి పైన్ మొక్కలకు వెలుతురు లేకుండా చేస్తాయి. అమెరికా నేషనల్ పార్కుల్లో కావాలని, లెక్కప్రకారం నిప్పు పెట్టడం మొదలైంది ఇక్కడే, 1958లో. అలా కాల్చే రోజుల్లో బాట మూసి ఉంటుంది. అప్పుడు పార్కు రోడ్డు అంచున పరుగెత్తొచ్చు, ఎదురొచ్చే బండ్లు కనబడే వైపున, ముదురు రంగు బట్టలు వేసుకోకుండా.