శోరేకు గుహ చెప్పేదీ, చెప్పనిదీ

శోరేకు లోయ అనగానే దెలీలా గుర్తుకొస్తుంది. ఆ పేరే ఉన్న గుహ ఒకటి యెరూషలేముకు పడమరగా, బేత్షెమెషు దగ్గర ఉంది. 1968లో రాళ్ల క్వారీలో మందు పెట్టి పేల్చినప్పుడు బయటపడింది. బైబిలు దేశంలో పూర్వం వానలెలా కురిశాయో తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులు ఎక్కువగా చూసేది ఈ గుహనే.

వాన నీరు మట్టిలో దిగుతూ కార్బన్ డయాక్సైడును కలుపుకొని కొద్దిగా ఆమ్లమవుతుంది, సున్నపురాయిని కరిగిస్తుంది. గుహలో చుక్కగా జారినప్పుడు ఆ వాయువు పోయి, సున్నం పొరగా నిలుస్తుంది. బొర్రా గుహల్లో మీరు చూసిన రాతి స్తంభాలు అలా పెరిగినవే. ఆ పొరల్లో వాననీటి గుర్తు ఉంటుంది. ఆక్సిజన్‌లో తేలికది, బరువుది ఉన్నాయి. మధ్యధరా తూర్పు తీరాన వాన బాగా పడితే బరువైన దాని వాటా తగ్గుతుంది, వాన తగ్గితే పెరుగుతుంది. (వేడిమి కూడా ఈ వాటాను మారుస్తుంది కనుక లెక్క అంత సులువు కాదు.) ఇక పొర వయసు. యురేనియం నీటితోపాటు రాతిలో చేరుతుంది. థోరియం నీటిలో దాదాపు కరగదు. కాబట్టి రాతిలో ఉన్న థోరియం చాలావరకు ఆ యురేనియం నుండి తరువాత పుట్టినదే. ఎంత పుట్టిందో కొలిస్తే వయసు తెలుస్తుంది.

ఇశ్రాయేలు భూగర్భ సర్వేకు చెందిన మిరియం బార్-మాథ్యూస్, అవ్నర్ అయలోన్ ఈ గుహ నుండి సుమారు 1,85,000 ఏళ్ల చరిత్రను రాబట్టారు. ఆ సంఖ్య మనలో కొందరికి ఇబ్బందిగా ఉంటుందని తెలుసు. దాన్ని దాచి మిగతాది చెప్పడం నాకు సరి అనిపించలేదు. సుమారు 4,200 ఏళ్ల క్రితం అక్కడ వానలు తగ్గాయని పొరలు చూపుతున్నాయి. మన మేఘాలయలోని మామ్లూ గుహ రాయి కూడా ఆ కాలంలోనే రుతుపవనాలు బలహీనపడ్డాయని చూపింది. అందుకే 2018లో భూగర్భ శాస్త్రజ్ఞులు అప్పటి నుండి నేటి వరకున్న కాలానికి 'మేఘాలయన్' అని పేరు పెట్టారు.

"అబ్రాహాము నాటి కరవుకు ఇదే రుజువు" అని వాట్సాప్‌లో పంపేవారికి ఒక మాట. అబ్రాహాము ఏ శతాబ్దంలో జీవించాడన్న దానిపై పండితులకే ఏకాభిప్రాయం లేదు. రాతి నుండి తీసే చిటికెడు పొడిలో సాధారణంగా ఎన్నో ఏళ్ల వాన కలిసిపోయి ఉంటుంది. ఏలీయా నాటి మూడున్నరేళ్ల కరవు అందులో విడిగా కనబడకపోవచ్చు. కనబడకపోతే జరగలేదనీ కాదు.

అయితే ఒక సంగతి బాగా అర్థమవుతుంది. కనాను పంట శీతాకాలపు మధ్యధరా వానల మీద ఆధారపడింది. నైలుకు వరద తెచ్చేది ఇతియోపియా కొండల మీద వేసవిలో కురిసే వాన. రెండు వానలు, రెండు వేర్వేరు ఆకాశాలు. కనానులో చుక్క పడని ఏడు కూడా ఐగుప్తులో ధాన్యం దొరికే అవకాశం ఉండేది. పితరులు కరవు రాగానే అటువైపే ఎందుకు నడిచారో ఇప్పుడు ఆదికాండము చదువుతూ గమనించండి.