బెల్టు రంగుతో పాటు చూపూ మారాలి

పిల్లల్ని కరాటేలో చేర్చిన కొన్నాళ్లకే చాలామంది తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటుంది: "మాస్టర్ గారూ, మావాడికి బ్లాక్ బెల్ట్ ఎప్పుడొస్తుంది?" ఫీజు కట్టి, తెల్లవారకముందే పిల్లల్ని లేపి, గ్రౌండు దాకా దింపి వచ్చేవాళ్లకు ఆ ఆత్రం ఉండటంలో తప్పులేదు. అయితే కరాటేలో ఎదుగుదలకు అసలు గుర్తు నడుముకు కట్టిన బెల్టు కాదు. ఒకే కదలికను మొదటి ఏడాది ఎలా చూశారు, ఐదో ఏడాది ఎలా చూస్తున్నారు అన్నదే ఆ గుర్తు. నేర్చుకునే విషయం మారదు, నేర్చుకునేవాళ్ల చూపు మారుతుంది. అదెలాగో ఒక ఉదాహరణతో చూద్దాం.

షోటోకాన్ అనే కరాటే పద్ధతిలో తొలి రోజుల్లో నేర్పే కటా హెయాన్ షోదాన్. ఎదుట ప్రత్యర్థి లేకుండానే దెబ్బలు, కాచుకోవడాలు ఒక వరుసలో చేసుకుంటూ పోయే సాధనను కటా అంటారు. ఒకినావాలో ఇతోసు అంకో అనే గురువు బడిపిల్లల కోసం కూర్చిన ఐదు కటాల నుంచి వచ్చిందిది. ఇందులో 21 కదలికలుంటాయి. నాలుగోది చూడండి. కిందికి దించి కాచుకున్న కుడిచేతిని వెనక్కి లాగాలి, అదే సమయంలో ముందున్న కాలినీ కాస్త వెనక్కి తీసుకోవాలి. చేతిని గుండ్రంగా పైనుంచి తిప్పి, పిడికిలి అడుగుభాగంతో దెబ్బ వేయాలి.

వైట్ బెల్ట్ పిల్లవాడికి ఇదొక చెయ్యి ఊపుడు, అంతే. ఏ కాలు ముందుండాలి, ఎటు తిరగాలి అన్న లెక్కల్లోనే వాడి బుర్ర నిండిపోయి ఉంటుంది. కొన్నేళ్లయ్యాక మాస్టర్ ఒకరిని ఎదురుగా నిలబెట్టి, ఆ పిల్లవాడి మణికట్టు గట్టిగా పట్టుకోమంటారు. చెయ్యి ఒక్కదాన్నే లాగితే పట్టు వదలదు. కాలు వెనక్కి తీసుకుంటే ఒంటి బరువంతా ఆ లాగుడులో కలుస్తుంది. నడుము తిరుగుతుంది. ఎదుటివాడి బొటనవేలి పక్క నుంచి, అంటే పట్టు బలహీనంగా ఉన్నచోటు నుంచి, మణికట్టు జారి బయటపడుతుంది. విడిపించుకున్న చెయ్యే దెబ్బగా మారి కిందికి దిగుతుంది. కాలు ఎందుకు వెనక్కి రావాలో వాడికి అప్పుడు తెలుస్తుంది. కటాలో ఒక్క కదలికా మారలేదు, వాడు చూసే తీరు మారింది.

మరి ఈ సంగతి మొదటిరోజే చెప్పేస్తే సరిపోదా? సరిపోదు. మనసు ఒకేసారి పట్టించుకోగలిగేది కొంచెమే. అడుగులు ఆలోచించకుండా పడటం మొదలయ్యాకే మిగతా వాటిమీద ధ్యాస పెట్టే వీలు చిక్కుతుంది. "నడుము తిప్పు" అన్న మాట కరాటే క్లాసులో రోజూ వినబడుతుంది. కొత్తవాళ్లు అది విని భుజం తిప్పుతారు. కొన్నాళ్లకు నిజంగానే నడుము తిప్పుతారు. ఇంకొన్నాళ్లకు ఆ తిప్పుడు నేలను తన్నే వెనక మడమ దగ్గర మొదలవుతుందని గ్రహిస్తారు. సంగీతం నేర్చుకునేవాళ్లకు సరళీ స్వరాలు కూడా ఇంతే, ఎదిగినకొద్దీ వాటిలో కొత్త లోతులు కనిపిస్తాయి.

జతగా తలపడే కుమితేలో ఈ మార్పు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. కొత్తవాళ్ల కళ్లు ఎదుటివాడి పిడికిలికి అతుక్కుపోతాయి. అది కదలగానే రెప్ప పడుతుంది, ఒళ్లు వెనక్కి వాలుతుంది. అనుభవం ఉన్నవాళ్లు మనిషి మొత్తాన్నీ చూస్తారు: భుజం బిగుసుకోవడం, బరువు ముందుకాలి మీదికి మారడం, ఇద్దరి మధ్య దూరం తగ్గడం. జపాన్ పరిశోధకులు 2002లో ప్రచురించిన అధ్యయనంలో ప్రత్యర్థి దాడి వీడియోలు చూపించి, దెబ్బ ఒంటి పైభాగానికా, మధ్యభాగానికా చెప్పమన్నారు. కరాటే క్రీడాకారులు కొత్తవాళ్లకన్నా త్వరగా పసిగట్టారు. దెబ్బకు ముందే అందే ఆ సూచనలను చదవడమే ఏళ్ల సాధన నేర్పే విద్య.

బలం గురించిన ఆలోచన కూడా మారుతుంది. మొదట్లో గట్టిగా కొట్టడమే గొప్ప. తరవాత, పూర్తి వేగంతో వెళ్లిన పంచ్‌ను ఎదుటివాడి ముఖం ముందు ఆపగలగడం గొప్ప అవుతుంది. తనకన్నా చిన్నపిల్లలతో జతకట్టినప్పుడు, వాళ్లకు దెబ్బ తగలకుండా భయం పోగొట్టే బాధ్యత తనదేనని అర్థమవుతుంది.

తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవాల్సిన ఒక దశ ఉంది. మూడు నాలుగేళ్లు సాధన చేసిన పిల్లలు ఉన్నట్టుండి "నాకు ఏదీ సరిగ్గా రావట్లేదు" అంటారు. చాలామంది మానేసేది ఇక్కడే. నిజానికి వాళ్ల ఆట తగ్గలేదు, చూపు ఒంటికన్నా ముందు ఎదిగింది. నిరుడు కనిపించని తప్పులు ఇప్పుడు కనిపిస్తున్నాయి. దిద్దుకోవడానికి శరీరానికి మరికొంత కాలం కావాలి. ఆ అసంతృప్తి ఓటమి కాదు, ఎదుగుతున్నారనడానికి రుజువు. ఆ సమయంలో మానిపించకండి.

తొందర అక్కర్లేదనడానికి కరాటే చరిత్రే సాక్షి. 1922లో టోక్యోలో కరాటేను ప్రదర్శించి జపాన్ అంతటికీ పరిచయం చేసిన ఫునాకోషి గిచిన్, తాను యువకుడిగా టెక్కి అనే మూడు కటాల మీదే సుమారు పదేళ్లు గడిపినట్టు రాసుకున్నారు. అప్పట్లో కరాటేకు బెల్టులు లేవు. జూడో స్థాపకుడు కానో జిగోరో పద్ధతిని అనుసరించి ఫునాకోషియే 1924లో తన శిష్యులకు తొలి బ్లాక్ బెల్టులు ఇచ్చారు. అందులోనూ డాన్ అనే బ్లాక్ బెల్ట్ స్థాయిల్లో మొదటిది పై మెట్ల వరుసలో తొలి మెట్టే.

ఏళ్లు గడిచినంత మాత్రాన చూపు దానంతటదే మారదు. ఒకే తప్పును పదేళ్లు చేస్తే ఆ తప్పే గట్టిపడుతుంది. దిద్దే గురువు, ఒడ్డూ పొడుగూ వేరైన జతగాళ్లు, "ఇలా ఎందుకు?" అని అడిగే స్వేచ్ఛ ఉండాలి. అందుకే మంచి క్లాసును బెల్ట్ టెస్టుల జోరు చూసి కాదు, పిల్లల ప్రశ్నలకు మాస్టర్ ఆగి జవాబిస్తున్నారా లేదా అన్నది చూసి ఎంచుకోండి. ఇంటికొచ్చిన పిల్లల్ని "ఏ బెల్ట్ వచ్చింది?" అనడానికి బదులు "ఇంతకుముందు తెలియనిది ఈరోజు ఏం తెలిసింది?" అని అడగండి. జవాబు చెప్పడం కోసమైనా వాళ్లు తమ సాధనను తామే గమనించుకుంటారు. ఆ అలవాటు పడ్డ పిల్లలకు బెల్టు ఆలస్యమైనా నష్టం లేదు.