పాత బట్ట ఏ దారిన వచ్చింది?

ఒక నవల నచ్చకపోతే మన విమర్శకులు దాన్ని "అతుకుల బొంత" అంటారు. భావాలు అరువు తెచ్చుకున్న కవివి "ఎంగిలి" భావాలు. నాసిరకం కథ "చెత్త". ఈ తిట్లన్నీ ఒక్కచోటి నుంచే వచ్చాయన్న సంగతి మనం పట్టించుకున్నట్టు లేదు. పాతదాన్ని, పరులు వదిలేసినదాన్ని మళ్ళీ వాడుకొని బతికే జనం ఇళ్ళలోని సామాను నుంచే సాహిత్య విమర్శ తన తిట్లను ఏరుకుంది. ఏరుకోవడాన్ని నేను తప్పు పట్టను. అయితే ఆ సామాను ఎలా తయారవుతుందో, ఏ దారిన ఆ ఇళ్ళకు చేరుతుందో తెలుసుకోకుండా ఏరుకుంది. ఈ అజ్ఞానం విమర్శ దగ్గర ఆగిపోతే పెద్ద నష్టం లేదు. పేదల జీవితాన్ని వస్తువుగా తీసుకున్న కథల్లోకీ, కవితల్లోకీ కూడా అది పాకింది కనుకనే ఈ వ్యాసం.

మొదట బొంత సంగతి. మా మక్తల్ ప్రాంతంలో అది లేని ఇల్లు అరుదు. ఇక్కడినుంచి రాయచూరు వైపు సరిహద్దు దాటితే దాన్నే కౌది అంటారు, మహారాష్ట్రలో గోధడి అంటారు. పేరేదైనా పని ఒకటే. చిరిగిన చీరలు, ధోవతులు, పిల్లలకు పొట్టివైపోయిన అంగీలు కుట్లు విప్పి, ఉతికి, ఎండబెట్టి, పొరలు పొరలుగా పరుస్తారు. పెద్ద సూదితో అంచుల నుంచి నడిమి దాకా వరస తప్పకుండా కుట్టుకుంటూ వస్తారు. పనితనమంతా ఏ గుడ్డ ఎక్కడ పడాలన్న నిర్ణయంలో ఉంది. ఇంకా బలమున్న చీర పైకి వస్తుంది. చివికిపోయినది లోపలికి పోతుంది. ఒంటికి తగిలే వైపు మెత్తటి నూలుబట్ట వేస్తారు. బొంతలు కుట్టే ఒక ముసలమ్మను ఎట్లా ఎంచుతావని అడిగితే, "చెయ్యి వెట్టి సూస్తె బట్టనే చెప్తది సారూ, నేను పైకుంటనా లోపలికి వోతనా అని" అన్నది. శిల్పం గురించి ఇంతకన్నా సూటి మాట నేను ఎం.ఏ. తరగతిలో వినలేదు.

గొగోల్ "ఓవర్‌కోట్" కథలో (1842) దర్జీ పెట్రోవిచ్ గుమాస్తా పాతకోటును పరీక్షించి, ఇక దీనికి అతుకు వేయడానికి ఆధారం కూడా లేదు, సూది తగిలితే చినుగుతుందని తేల్చేస్తాడు. కథ అక్కడినుంచే విషాదం వైపు తిరుగుతుంది. పెట్రోవిచ్ కాదన్న అటువంటి గుడ్డకు కూడా బొంతలో చోటుంది. నాలుగు పొరల నడుమ అది మరో పదేళ్ళు వెచ్చదనం ఇస్తుంది. కనుక ఏ భాగం ఎందుకున్నదో రచయితకే తెలియని నవలను అతుకుల బొంత అనడం బొంతను అవమానించడమే. బొంతలో ప్రతి ముక్కకూ కారణం ఉంటుంది.

ఈ బొంతకు కాలం తెచ్చిన కష్టం ఒకటి చెప్పి ముందుకు పోతాను. నారాయణపేట నూలుచీర పాతబడేకొద్దీ మెత్తబడుతుంది. ఇప్పుడు రోజువారీగా కట్టే పాలిస్టర్ చీర పాతబడ్డా మెత్తబడదు, చెమట పీల్చదు, సూది కింద జారుతుంది. పసిపిల్లను పండబెట్టడానికి పనికిరాదని ఆడవాళ్ళు అంటారు. పాతదాన్ని వాడుకోవాలంటే ముందు కొత్తది వాడుకోదగినదై ఉండాలి. ఇది మిల్లులో తేలే విషయం, ఇంట్లో తేలేది కాదు.

బొంతలోని బట్ట ఇంట్లోదే. తల్లి చీర బిడ్డ కిందికి వస్తుంది. ఇందులో ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు అన్న తేడా లేదు. గడప దాటగానే సంగతి మారిపోతుంది. ఒకే పాతచీర మూడు దారుల్లో బయటికి పోతుందనుకుందాం. వీధిలోకి స్టీలు సామాన్లవాడు వస్తాడు. ఇంటామె నాలుగు పాతచీరలు తెచ్చి ముందు పడేస్తుంది. వాడు వాటిని విప్పి వెలుగుకు పట్టి చూసి, ఇంకొకటి వేస్తేగాని గిన్నె రాదంటాడు. ఆమె గింజుకుంటుంది, గిన్నె కాకపోతే గ్లాసైనా ఇమ్మంటుంది. బేరం తెగుతుంది. వాడు ఆమెకు దండం పెట్టడు, ఆమె తనను దాతగా తలచుకోదు. అదే చీర బాసండ్లు తోమే మనిషికి ఇస్తే ఏమవుతుంది? గిన్నెకు ఎంత ఖరీదు పడిందో అంత ఖరీదైన వస్తువే ఆమెకూ అందింది. కాని ఆ చీరతో పాటు కృతజ్ఞత అనే బాకీ కూడా అందింది. పండుగనాడు ఒక పూట ఎక్కువ పనిచేసి, జీతం పెంచమని అడగవలసిన నోటిని కొన్నాళ్ళు మూసుకొని, ఆ బాకీ ఆమె తీర్చాలి. మూడో దారి చెత్తకుప్ప. కుప్పలోంచి తీసుకున్న చీరకు ఎవరికీ కృతజ్ఞత చెప్పనక్కరలేదు. అయితే అక్కడ ఇంకొక వెల ఉంది, "దొంగ" అన్న అనుమానం.

దయగల యజమానురాలు పనిమనిషికి పాతచీర ఇవ్వడం, పనిమనిషి కళ్ళు చెమర్చడం, కథ ముగియడం: ఇటువంటి కథలు మనకు ఎన్ని వచ్చాయో చదువరులు లెక్కపెట్టుకోవచ్చు. అభ్యుదయ రచయితలు రాసినవి కూడా అందులో ఉన్నాయి. నా ఫిర్యాదు వారి సానుభూతి మీద కాదు. ఆ చీర కూలిలో భాగమా, కూలికి బదులా, కూలి అడగకుండా చేసే ఉపాయమా అన్న ప్రశ్న ఆ కథలు వేయవు. కథ మొదలు కావలసిన చోట ముగుస్తుంది.

మన దేశంలో ఈ ప్రశ్నను తప్పించుకోవడానికి వీల్లేదు. ఎందుకంటే పాతదాన్ని ఎవరు వాడాలన్నది ఇక్కడ అవసరానికి మాత్రమే వదిలిపెట్టలేదు, ధర్మశాస్త్రమే శాసించింది. మనుస్మృతి పదో అధ్యాయం చండాలురు ఊరి వెలుపల ఉండాలనీ, శవాల మీది బట్టలు కట్టాలనీ, పగిలిన పాత్రల్లో తినాలనీ నిర్ణయించింది. సేవచేసే శూద్రుడికి ఎంగిలి అన్నం, పాతబట్టలు, తాలుగింజలు, పాత ఇంటిసామాను ఇవ్వాలని అదే అధ్యాయం చెబుతుంది. అంటే పగిలిన కుండ ఒకడి చేతిలో ఉన్నదంటే, వాడికి కొత్తకుండ కొనే స్తోమత లేదన్న ఒక్క అర్థమే కాదు. కొత్తకుండ వాడరాదన్న ఆజ్ఞ కూడా దాని వెనక ఉంది. 1927 డిసెంబరు 25న మహద్‌లో అంబేడ్కర్ నాయకత్వంలో ఆ పుస్తకాన్ని తగలబెట్టినప్పుడు కాలింది ఈ ఆజ్ఞే.

తెలంగాణ పల్లెల్లో ఆ ఆజ్ఞ జీతం రూపంలో బతికింది. జీతగాడికి ఏడాదికి ఇన్ని గింజలు, ఒక గొంగడి, ఒక చెప్పుల జత అని ఒప్పుకునేవారు. దొర ఇంటి పాత ధోవతి ఒప్పందంలో ఉండేది కాదు. అది "దయ". లెక్కలోకి రానిది కనుక అడిగే హక్కు లేదు, ఇచ్చాక మరిచిపోయే హక్కూ లేదు. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. చట్టం అప్పును రద్దు చేయగలదు. దయను రద్దు చేసే సెక్షను ఏ చట్టంలోనూ ఉండదు. అది సాహిత్యం పని.

ఆ పని చేసిన పుస్తకం హిందీలో ఉంది. ఓంప్రకాశ్ వాల్మీకి ఆత్మకథకు (1997) పేరే "జూఠన్", అంటే ఎంగిలి. పెళ్ళి ఇంట రోజుల తరబడి చాకిరీ చేసిన తల్లి, విందు ముగిశాక పిల్లలకు కాస్త తినడానికి పెట్టమని అడుగుతుంది. ఇంటాయన విస్తళ్ళ ఎంగిలి నింపిన గంపను చూపించి, నీ హద్దు తెలుసుకొమ్మంటాడు. ఆమె ఆ గంపను అక్కడే కుమ్మరించి, పిల్లల చేయి పట్టుకొని వచ్చేస్తుంది. మళ్ళీ ఆ గడప తొక్కలేదంటాడు రచయిత. ఇక్కడ ఎంగిలి కరుణ పుట్టించే అలంకారం కాదు. పనికి ముట్టిన కూలి అది. తల్లి కుమ్మరించింది ఆ కూలి పద్ధతిని.

ఇక ఏరుకునేవాళ్ళ దగ్గరికి వద్దాం. కుప్ప మీద కుక్కతో పోటీపడి విస్తరి నాకే పిల్లవాడు మన వచన కవితలో అరిగిపోయిన బొమ్మ. అతని ఆకలి నిజమే. అయితే కవి చూసింది ఆకలిని మాత్రమే, పనిని చూడలేదు. మక్తల్‌లో హైదరాబాదు–రాయచూరు రోడ్డు పక్కన పాత ఇనుప సామాన్ల దుకాణం ముందు ఒక గంట నిలబడితే ఆ పని కనిపిస్తుంది. పాత స్పీకరులోంచి పీకిన అయస్కాంతాన్ని తాడుకు కట్టి మట్టిలో ఈడ్చుకుంటూ వచ్చిన పిల్లలు మేకులు, బోల్టులు కాంటా మీద పోస్తారు. బీడు వేరు, రేకు వేరు. రాగితీగ వేరు. అయస్కాంతానికి అంటుకున్నదా, అది ఇత్తడి కాదు, పైపూత. గట్టి ప్లాస్టిక్కును, పలచటి సంచిని, సీసా మూతను కూడా విడివిడిగా ఎంచుతారు. కలిపి తెస్తే అన్నిటికీ అన్నిట్లో తక్కువ ధరే కడతారు. పిల్లవాడికి పదార్థశాస్త్రం తెలుసు. కాంటా ఎవరి చేతిలో ఉన్నదో కూడా తెలుసు.

గోర్కీకి ఇది స్వానుభవం. "నా బాల్యం" చివరి భాగంలో బడికి పోయే పిల్లవాడు వీధుల్లో ఎముకలు, గుడ్డపీలికలు, కాగితాలు, మేకులు ఏరి అమ్ముతాడు. దేనికెంత ధరో వివరంగా చెబుతాడు. వచ్చిన కాసులు అమ్మమ్మ చేతిలో పెడతాడు. బడిలో తోటిపిల్లలు వాణ్ణి పేలికలవాడని ఎగతాళి చేస్తారు, కంపు కొడుతున్నాడని పంతులుకు ఫిర్యాదు చేస్తారు. ఒళ్ళు తోముకొని వచ్చినా అంటారు. దారిద్ర్యాన్ని ఇంతకన్నా హృదయవిదారకంగా రాసినవాళ్ళు ఉండవచ్చు. ధరలు రాసినవాళ్ళు తక్కువ. మన చాసో "ఎంపు" కథలో ముష్టివాళ్ళ ఇంటి పెళ్ళి మాటను వాళ్ళ సంపాదన లెక్కల్లోంచే నడిపించాడు, ఎక్కడా జాలిపడలేదు. ఆ కథ నిలబడింది అందుకే.

మార్క్స్ "పెట్టుబడి" మొదటి సంపుటంలో (1867) గుడ్డపీలికలు ఏరి వేరుచేసే పని గురించి ఒక చోట రాశాడు. దేశదేశాల నుంచి పీలికలు ఇంగ్లండుకు చేరేవి, ఆడవాళ్ళు, ఆడపిల్లలు అతి తక్కువ కూలికి వాటిని వేరుచేసేవారు, ఆ గుడ్డలతో వచ్చిన మశూచి మొదట వాళ్ళనే బలి తీసుకునేది. ఇప్పుడు సముద్రం అవతలి నుంచి పాత ఉన్నికోట్లు హర్యానాలోని పానిపట్‌కు వచ్చాయి. అక్కడ గుండీలు, జిప్పులు కోసి, రంగుల వారీగా వేరుచేసి, చీల్చి, మళ్ళీ నూలు వడికి చవక కంబళ్ళు నేస్తారు. వరద వచ్చినా భూకంపం వచ్చినా బాధితులకు పంచే కంబళి తరచు ఈ రకమే. పాతబట్టలు వచ్చే దారి మారింది. పీలికల ముందు కూర్చున్న చేతులు ఆడవాళ్ళవే.

ఈ పనిని పనిగా గుర్తించమని అడిగినవాళ్ళు రచయితలకన్నా ముందు ఆ పనివాళ్ళే. 1993లో పుణెలో చెత్త ఏరుకునేవాళ్ళు, ఎక్కువమంది దళిత స్త్రీలు, కాగద్ కాచ్ పత్రా కష్టకరీ పంచాయత్ అన్న సంఘం పెట్టుకున్నారు. కాగితం, గాజు, రేకు అని సరుకు పేర్లే సంఘం పేరులో ఉన్నాయి. "కష్టకరీ" అంటే శ్రమజీవి. గుర్తింపు కార్డు కోసం వాళ్ళు పోరాడింది దొంగలన్న ముద్ర చెరుపుకోవడానికి. కేంద్రప్రభుత్వం ఘనవ్యర్థాల నియమాల్లో వాళ్ళకు ఒక నిర్వచనం ఇచ్చి, పురపాలక సంఘాలు వాళ్ళను పనిలో కలుపుకోవాలని రాసింది 2016లో.

ఇటీవల పట్టణాల్లో పాతవి వాడడం ఒక సుగుణంగా ప్రచారమవుతున్నది. మంచిదే. బెంగాలు పల్లె ఆడవాళ్ళ కాంతా కుట్టు ఎగ్జిబిషన్లలో వేలకు అమ్ముడుపోతున్నది. బొంత కూడా అక్కడికి చేరుతుందేమో. కాని కొత్తది కొనగలిగి పాతది వాడేవాడికి మెప్పు, వేరే దారిలేక వాడేవాడికి అనుమానం దక్కుతున్నంత కాలం రెంటినీ "పునర్వినియోగం" అన్న ఒక్క మాటతో చుట్టేయడం మోసం.

మా పాలమూరు వలసకూలీల మూటలు చూడండి. కృష్ణ స్టేషనులో ముంబై రైలు ఎక్కేవాళ్ళ మూటలో తప్పకుండా ఒక బొంత ఉంటుంది. పని దగ్గర సిమెంటు ఖాళీసంచులు విప్పి, కలిపి కుట్టి, గుడిసె మీద పరుస్తారు. ఊళ్ళో మిగిలిన ముసలివాళ్ళు వానాకాలం యూరియా సంచిని ఒక మూలకు మడిచి నెత్తిన వేసుకొని పొలానికి పోతారు. వీటిలో ఏదీ ఒకరి దయ వల్ల రాలేదు. 2023 నవంబరులో శాసనసభ ఎన్నికలు ముగిసిన మర్నాటి నుంచే మా మండలంలో రోడ్లమీది ఫ్లెక్సీలు మాయం కాసాగాయి. తరవాత అవి వడ్లకుప్పల మీద, గడ్డివాముల మీద, కోళ్ళగూళ్ళ చుట్టూ కనిపించాయి. అన్ని పార్టీల నాయకులూ ఉన్నారు. కొందరు తలకిందులుగా ఉన్నారు. ఫ్లెక్సీ వెనకవైపు తెల్లగా ఉంటుంది కనుక, ఇంటి లోపలికి కట్టుకునేవాళ్ళు తెలుపు తమవైపు పెట్టుకొని, బొమ్మను వానకు వదిలేస్తారు.